స్వతంత్రవృత్తియు, ఇంటి పద్దును

ఉద్యోగము పురుషలక్షణమను మాట మన యిండ్లలో తండ్రి కుమారునకు చెప్పెడి నీతులలో మొదటిది. ఆ మాట పుట్టిననాడు ఉద్యోగమనగా నెలజీతపు కొలువు కాదు. పూనిక, ప్రయత్నము అని దాని యర్థము. భారతకథయే యిందుకు సాక్షి. పాండవులు కొలువు చేసినది విరాటపర్వమున. ఒకడు వంటవాడై, ఒకడు అశ్వశిక్షకుడై, ద్రౌపది సైరంధ్రియై యేడాదికాలము పరుల పంచను గడపిరి. ఆ కొలువు ముగిసి, తమ భాగమును తాము అడుగ నారంభించిన పిమ్మటనే ఉద్యోగపర్వము వచ్చినది. మనమో, పర్వముల వరుసను తలక్రిందుచేసి, విరాటుని కొలువునకే ఉద్యోగమని పేరుపెట్టుకొంటిమి.

ఈ పదచర్చకు కారణము లేకపోలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో జీతపుకొలువు విడిచి స్వతంత్రవృత్తి నవలంబింపజూచువారు నేడు తఱచుగా కానవచ్చుచున్నారు. ఫ్రీలాన్సు అని వారు వ్యవహరించు పనినే మేమిచట స్వతంత్రవృత్తి యనుచున్నాము: ఒక్క యజమానికి కట్టుబడక, పనికింత యని మాటాడుకొని, పని ముగిసిన పిదప పుచ్చుకొనుట. బియ్యపు బస్తాపై ముద్రించు చిత్రము గీయువాడు, దుకాణములకు జీఎస్టీ లెక్కలు వ్రాయువాడు, తెలుగు అనువాదములు చేయునది, ఇంటికూర్చుండియే హైదరాబాదు కంపెనీకి ప్రోగ్రాములు వ్రాసి పంపువాడు, అందఱును ఈ కోవలోనివారే.

2020 మార్చిలో మహమ్మారి కారణముగా సర్వము మూతపడినప్పుడు హైదరాబాదునుండి కంప్యూటరు సంచి భుజమున వేసుకొని యిల్లు చేరిన యువకులలో కొందఱు మరల నగరమునకు పోలేదు. ప్రైవేటు బడుల ఉపాధ్యాయుల సంగతి వేఱు. వారు కొలువును విడువలేదు. కొలువే వారిని విడిచినది. కూరగాయల బండ్లు నడపినవారును, ఉపాధిహామీ పనులలో మట్టి మోసినవారును వారిలో కలరు. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు పూనుకొన్నదనిన, పట్టభద్రుని యింట పొయ్యి ఏ స్థితిలో నుండెనో పాఠకులే యూహింపవచ్చును. బడులు తెరచినపిదప మరల పిలుపు వచ్చినను, ఒకసారి మునిగినవాడు ఆ పడవను నమ్మలేకపోయెను. ట్యూషన్లు, అనువాదములు, పాఠముల తయారీ మొదలగు చిల్లరపనులతో తన కాళ్లపై తాను నిలువజూచుచున్నాడు. వీరిని సోమరులని గాని, నిలుకడలేనివారని గాని నిందించుట మాకు సమ్మతము కాదు. అట్లని, "ధైర్యముంచి దూకుము, అంతయు మేలే యగును" అని ఉపన్యసించు నగర పండితులతోడను మేమేకీభవింపజాలము. కొలువు విడుచువానికి ధైర్యముకన్న ముందు కావలసినది గ్రాసము.

మన ప్రాంతమున పనికి కొఱత యున్నదా? లేదనియే మా యభిప్రాయము. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన తరువాత ఎడమకాలువ క్రింద వరి విస్తరించినది. వరి వెంట మిర్యాలగూడ మిల్లులు వచ్చినవి. మిల్లుల వెంట బ్రాండ్లు, బస్తాలు, లారీల బిల్లులు, దూరరాష్ట్రముల వ్యాపారులతో ఉత్తరప్రత్యుత్తరములు వచ్చినవి. ఆ బస్తాపై బొమ్మను నగరములో గీయించుకొని తెచ్చుకొనవలసిన యగత్యమేమి? కోదాడలో ఇన్ని కళాశాలలుండగా వాని పాఠ్యపత్రములను కూర్చువారు, జాతీయరహదారి పొడవున ఇన్ని హోటళ్లుండగా వాని లెక్కలు వ్రాయువారు, సూర్యాపేటలో ఆస్పత్రులు పెరుగుచుండగా వాని పత్రవ్యవహారము చూచువారు ఇచ్చటివారే కావచ్చును. పని యున్నది. పనికిని పైకమునకును నడుమనున్న కాలమే స్వతంత్రవృత్తిలోని చిక్కంతయు.

ఈ సంగతి ఈ పుట చదువు భూస్వాములకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. కుమారుడు కొలువు విడిచెదననగానే "నెలజీతము లేనిదే సంసారమెట్లు సాగును?" అని గద్దించు తండ్రి, తానెన్నడైనను నెలజీతము నెఱిగియుండెనా? విత్తనము వేసిననాటికిని ధాన్యము డబ్బు చేతబడునాటికిని నడుమ అయిదారు నెలలు. ఆ నడుమ తెగులు, గాలివాన, ధర పడిపోవుట. 2024 సెప్టెంబరు 1వ తేదీని కుంభవృష్టి కురిసి కోదాడ వీథులు ఏఱులైన దినమున, నడిగూడెం మండలమున సాగరు ఎడమకాలువకు గండిపడి నిలిచిన పంట నీటిపాలైనది. ఆ రైతు మరుసటిపంటకు మరల దుక్కి దున్నెనా లేదా? దున్నెను. ఎందువలన? ఇంట గాదెలో కొంత, అప్పుగా కొంత, పాడిపశువువలన కొంత, ఏదో యొక యాధారము నిలిపియుంచుకొనెను గనుక. స్వతంత్రవృత్తి యనునది యీ సేద్యమే. తండ్రి యెఱిగిన విద్యనే కుమారుడు వేఱొక పొలమున ప్రయోగింపబోవుచున్నాడు. అతనికి మందలింపులకంటె ఆ గాదె లెక్క నేర్పుట మేలు.

ఇక లెక్కలోనికి దిగుదము. కొలువులో చేతికి 20,000 రూపాయలు వచ్చుచుండిన యువకుడొకడు, నెలకు 25 పనిదినములని భాగించి, తన దినపు వెల 800 రూపాయలని నిర్ణయించుకొనును. వ్యాపారి వద్దకు పోయి ఆ మాటయే చెప్పును. అతని పతనమునకు పునాది అచ్చటనే పడినది. కొలువులోనున్నవాడు పని వెదకుకొననక్కఱలేదు, బిల్లుకై తిరుగనక్కఱలేదు. కంప్యూటరు యజమానిది, కరెంటు యజమానిది. జ్వరము వచ్చిన సెలవు కలదు. చాలమందికి భవిష్యనిధిలో యజమాని వంతు పడును. జీతము 21,000 లోపువారికి ఈఎస్‌ఐ వైద్యము కలదు. స్వతంత్రుడైన మరుక్షణమున ఇవన్నియు తన తలమీదికి వచ్చును. నెలలో సగముదినములు పని వెదకుటకు, ధర మాటాడుటకు, దిద్దుబాట్లకు, క్రొత్తవిద్య నేర్చుకొనుటకు పోవును. పైకము వచ్చు దినములు పదమూడనుకొందము. ఇంటికి 20,000, కంప్యూటరు అరుగుదలకును ఇంటర్నెట్టునకును 3,000, వైద్యమునకును ముసలితనమునకును 3,000, మొత్తము 26,000. పదమూడింట భాగించిన దినమునకు 2,000. ఎనిమిదివందలెక్కడ, రెండువేలెక్కడ! ఈ భేదమును గ్రహింపక తక్కువకు ఒప్పుకొన్నవాడు, రాత్రింబవళ్లు పనిచేసియు పేదవాడగుచున్నాడు. అతని చౌకవెల చూపి వ్యాపారులు తక్కినవారినిగూడ పేదలను చేయుచున్నారు.

స్త్రీలవిషయమున ఈ యన్యాయము మఱింత లోతైనది. బడి విడిచి యింట అనువాదములో, లెక్కలో చేయు గృహిణితో "తీరిక వేళ చేసినదే గదా" యని బేరమాడుదురు. ఆమెకు తీరిక యెక్కడిదో ఆ బేరగాండ్రను వారి యిండ్లలోనే యడిగి తెలిసికొనుడని మా సలహా.

మంచమున్నంతవరకే కాళ్లు చాపుకొనవలెనన్నారు పెద్దలు. స్వతంత్రవృత్తిలో చిక్కేమనగా మంచము ఒక్కొక్క నెల ఒక్కొక్క కొలత. కావున మిక్కిలి పొట్టిగానున్న నెలను చూచియే కాళ్లు ముడుచుకొనుట నేర్వవలెను. నెలకు 18,000 వ్యయమగు కుటుంబమున ఆరు నెలల గ్రాసము 1,08,000 రూపాయలు. ఈ మొత్తము బ్యాంకులో విడిగా లేనిదే రాజీనామా పత్రము వ్రాయరాదని మా నిశ్చితాభిప్రాయము. భవిష్యనిధి సొమ్మును తీసి దీనికి జమకట్టుట ఏరు దాటకమున్నే తెప్పను తగులబెట్టుట వంటిది. ఇంటి బియ్యము తండ్రి పొలమునుండి వచ్చుచున్నదని, అద్దె లేదని, ఆ రెండింటిని పద్దున సున్నగా వ్రాయుటయు తప్పే. అది తండ్రి యిచ్చుచున్న దానము. వెల కట్టి వ్రాసుకొన్ననాడే తన సంపాదన నిజముగా ఎంతయో తెలియును.

మన పట్టణములలో పొదుపనగానే చిట్టీ. జీతగానికి చిట్టీ మంచి కట్టుబాటే. నెల తప్పక వచ్చునది నెల తప్పక పోవును. కాని ఆదాయము ఒకనెల 40,000, మరునెల 6,000గా నుండువానికి నెలవారీ చిట్టీయు, ఫోనునకై కంప్యూటరునకై బండికై చేసిన నెలవారీ వాయిదాయు ఉరిత్రాళ్లు. కొలువు విడుచుటకు పూర్వమే వాయిదాలన్నియు తీర్చుకొనవలెను. ఎత్తుకొన్న చిట్టీ యున్నయెడల అది ముగియువఱకు కొలువుననే యుండవలెను. వైద్యమునకు, ఆహారభద్రత కార్డు గల కుటుంబములకు ఆరోగ్యశ్రీ కలదు. 2023 డిసెంబరునుండి దాని పరిమితి పది లక్షలు. కార్డు లేని మధ్యతరగతివాడు మాత్రము బీమా లేక ఒక్కదినమైనను ఉండరాదు. ఒక్క ఆపరేషను ఆరు నెలల గాదెను ఆరు దినములలో ఊడ్చివేయును.

పన్నుల భయముతో కొందఱు వెనుదీయుచున్నారు. ఆ భయము పెద్దది కాదు. సేవలు చేయువానికి ఏటి రాబడి 20 లక్షలు దాటువఱకు జీఎస్టీ నమోదు అక్కఱలేదు. నగరపు కంపెనీ నూటికి పది పట్టుకొని తక్కినది పంపినయెడల ఆ పది పోయినదని వగవనక్కఱలేదు. 2025 ఏప్రిలునుండి క్రొత్త పద్ధతి క్రింద 12 లక్షలలోపు ఆదాయమునకు పన్ను లేదు గనుక, రిటరను దాఖలు చేసి తిరిగి తెచ్చుకొనవచ్చును. రిటరనులు దాఖలు చేయుచుండిన మఱియొక లాభము కలదు. జీతపు చీటీ లేనివానిని బ్యాంకువారు మనుష్యులలో లెక్కింపరు. రెండుమూడేండ్ల రిటరనులున్న అప్పుడు కొంత ఆలకింతురు. పెండ్లిసంబంధముల వారు మాత్రము రిటరనులనుగూడ ఆలకింపరు. "పిల్లవాడు ఏ కంపెనీలో?" అను ప్రశ్నకు "తన పనియే" యని జవాబు చెప్పిన మధ్యవర్తి మరల ఆ గడప త్రొక్కుట లేదు. నలుబదివేల జీతమునకు పిల్లనిచ్చి, మూడునెలలలో ఆ కంపెనీ మూతపడగా లబోదిబోమన్న మామలను చూచియు మనవారికి బుద్ధి రాలేదు.

ఈ సందర్భమున పూర్వుల చరిత్రలు రెండు జ్ఞప్తికి వచ్చుచున్నవి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు బారిష్టరుగా మద్రాసులో అపారముగా గడించుచుండిన వృత్తిని విడిచి, 1921లో స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించినదంతయు దానికి ధారపోసిరి. పత్రిక నిలువలేదు, ఆయన ఆస్తియు నిలువలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, దాని రాబడి స్థిరపడిన తరువాత, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసున దినపత్రికను చేసిరి. తలనొప్పి మందు పత్రికను పోషించినది. ప్రకాశముగారిది త్యాగము. త్యాగమును పూజింపవలెను గాని, జీవనోపాయమునకు మాదిరిగా తీసికొనరాదు. ఇద్దఱు పిల్లల బడిరుసుము కట్టవలసిన కోదాడ గృహస్థునకు మాదిరి నాగేశ్వరరావుగారే: ఒక స్థిరమైన చిన్నరాబడిని చేతనుంచుకొని, దాని నీడను స్వతంత్రమైన పనిని పెంచుట. ఉదయము రెండు గంటలు ట్యూషను, మిగిలిన దినము అనువాదము; లేదా ఒక మిల్లు లెక్కలు నెలకింతయని కుదుర్చుకొని, తక్కిన కాలమున తనకు రుచించిన పని. దీనిని పిరికితనమనువారు అనుకొందురు గాక.

ఒక్కరినే నమ్ముకొనరాదనుటకు మన యింటి ప్రక్కనే సాక్ష్యమున్నది. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి కాకతీయులనాటి దేవాలయములకు ప్రసిద్ధము. ఆ యూరిపేరే యింటిపేరుగా గల పినవీరభద్రకవి శృంగారశాకుంతలమును చిల్లర వెన్నయామాత్యునకును, జైమినిభారతమును సాళువ నరసింహరాయలకును అంకితమిచ్చెను. మహాకవియే ఇద్దఱు ప్రభువుల నాశ్రయింపగా, ఒక్క హైదరాబాదు కంపెనీని నమ్ముకొని యుండు చిత్రకారుడు కొలువు విడిచినట్లెట్లగును? అది జీతము లేని కొలువు.

ఇంతవఱకు కొలువు విడుచువానికి చెప్పితిమి. ఇక పని చేయించుకొనువారికి చెప్పవలసియున్నది. వారిలో ఈ పుటను చదువువారు పెక్కుమంది కలరు గనుక, కొంచెము కటువుగానే చెప్పెదము.

మిల్లులో బస్తా మోసిన హమాలీకి బస్తాకింతయని లెక్క చూచి ఆనాడే యిత్తురు. ఇయ్యకున్న మరునాడు బస్తా కదలదు. ఎకరము పొలము కొనుటకు బయానా లేక మాట యెత్తరు. కాని ఆ మిల్లు బ్రాండునకు బొమ్మ గీసిన యువకుని బిల్లు ఆరు వేలు మూడు నెలలు బల్లసొరుగులో నిద్రించును. అడుగ వచ్చినప్పుడు టీ ఇత్తురు, కుర్చీ వేయుదురు, "మనవాడివే గదా, ఎక్కడికి పోవును" అందురు. ఈ ఆప్యాయతతో కిరాణాకొట్టు అప్పు తీరదు. దుర్బుద్ధిచేత కాదు, అలవాటుచేత ఇట్లు జరుగుచున్నదని మేమెఱుగుదుము. కంటికి కనబడు బరువునకు కూలి యిచ్చుట మనకు తెలియును. తెరమీద గీసినదానికి బరువున్నదని యింకను తోచలేదు.

చట్టము లేకపోలేదు. 2006నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము, నమోదైన సూక్ష్మసంస్థకు పైకము చెల్లించుటకు గడువు ఒడంబడిక లేనియెడల 15 దినములు, ఒడంబడిక యున్నను 45 దినములకు మించరాదు; మించినయెడల రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకురేటునకు మూడింతలు చక్రవడ్డీ. ఒంటరిగా సేవలు చేయువాడును సూక్ష్మసంస్థగా నమోదు కావచ్చును. 2020 జులైనుండి ఆ నమోదునకు ఉద్యమ్ అని పేరు, రుసుము లేదు. ఉద్యోగము విడిచిన ప్రతివాడును ఆ వారముననే ఈ నమోదు చేయించుకొనవలెను. అయినను, పొరుగువీథి వ్యాపారిపై ఆరువేల బిల్లుకై రాష్ట్రపు కౌన్సిలులో ఫిర్యాదు చేయుటకు ఎవడు సాహసించును? చేసిన, ఆ వీథిలో అతనికి మరల పని దొరకదు. చట్టము పెద్దలావాదేవీలకు కత్తి. చిన్నబిల్లుకు ఆచారమే దిక్కు.

2020నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21నుండి అమలునకు వచ్చినది. అందు గిగ్ కార్మికులను పేరుపెట్టి గుర్తించిరి. 2020-21లో దేశమున అట్టివారు 77 లక్షలని నీతి ఆయోగు 2022లో అంచనా వేసెను. ఫోనులోని యాపుద్వారా పని యిప్పించు కంపెనీలు తమ ఏటి వ్యాపారమున నూటికి ఒకటినుండి రెండువఱకు వారి సంక్షేమనిధికి చెల్లింపవలెనని విధించిరి. మంచిదే. అన్నపు పొట్లములు మోసి యెండలో తిరుగువానికి అది ముందు అందవలసినదే. కాని కోదాడలో కూర్చుండి మిర్యాలగూడ మిల్లునకు పనిచేయు చిత్రకారునకు నడుమ యాపు లేదు, కంపెనీ లేదు; అతని నిధికి ఒక పైసయు వేయువాడు లేడు. అతని ముసలితనము అతని చేతిలోను, అతనితో పనిచేయించుకొను మన చేతిలోను మాత్రమే యున్నది.

కావున మూడు పట్టణముల వర్తకసంఘములకును, మిల్లర్ల సంఘమునకును మా విన్నపమిది. పని ఒప్పగించునాడు సగము బయానా. పది వేలలోపు బిల్లు పని చేతికి అందిననాడే చెల్లింపు. అంతకు మించినది నెలలోపల. సంఘపు గోడపై ఈ మూడు పంక్తులు వ్రాయించి పెట్టుటకు ప్రభుత్వపు టుత్తరువు అక్కఱలేదు. స్వతంత్రవృత్తిలోని వారును తమలో తాము కలిసికొని, ఇంతకు తక్కువకు పని పట్టరాదని ఒక కట్టుబాటు చేసికొనవలెను. హమాలీలు ఎన్నడో చేసికొన్నదే అది. రానున్న దీపావళికి క్రొత్త ఖాతాపుస్తకమునకు పసుపు కుంకుమ పెట్టుటకు పూర్వము, పాతపుస్తకమును ఒక్కమారు తిరుగవేయుడు. "చిల్లరపనులు" అను శీర్షిక క్రింద ఎవరెవరి పేరులు ఎన్నినెలలనుండి నిలిచియున్నవో అచ్చట కనబడును.